ఎడమ భుజం చూడలేదు

నేను పుట్టు పిరికిదాన్ని. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. బెంగళూరు కాటన్‌పేటలో మా సందులో కుక్క అడ్డంగా పడుకుని ఉంటే, అది లేచి పోయేదాకా మెట్టు మీదే నిలబడతాను. మిద్దె మీద బట్టలారేసేటప్పుడు పిట్టగోడ వైపు తొంగి చూడను. మా ఆయన పొద్దున్నే చిక్కపేటలో కొట్టు తెరవడానికి బయల్దేరుతూ, "ఈ పొద్దు దేనికి భయపడతావో ముందే చెప్పు, నేనూ కాస్త భయపడి పోతాను" అని ఎగతాళి చేస్తాడు. నేనూ నవ్వేస్తాను. ఆ భయాలు అలాంటివే, నవ్వేస్తే పోతాయి. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు. ఇది నేను చేతులారా తెచ్చుకున్న భయం.

పిల్లలు ఎదిగి ఎవరి పనుల్లో వాళ్లు పడ్డాక నాకు ఇంట్లో పొద్దు పోయేది కాదు. తెలుగు, కన్నడ రెండూ వచ్చిన ఆడవాళ్లు కావాలంటే సర్వే పనికి వెళ్లాను. పసిపిల్లలకు సర్కారు ఉచితంగా టీకాలు వేయిస్తుంది కదా, అవి నిజంగా పిల్లల ఒంట్లోకి చేరుతున్నాయా, లేక కాగితాల మీదే ఉంటున్నాయా అని ఇంటింటికీ తిరిగి చూసే పని అది. ఏడాది నిండి రెండేళ్లు నిండని బిడ్డ ఉన్న ఇల్లు కనబడితే ఆగాలి. టీకాల కార్డు అడగాలి. ఏ టీకా ఏ తేదీన వేశారో టాబ్లెట్‌లో ఎక్కించాలి.

శిక్షణ ఇచ్చిన డాక్టరమ్మ మూడు రోజులూ ఒకటే మాట పాడింది. "కార్డు చూసి మురిసిపోకండి. బిడ్డను చూడండి. ఎడమ భుజం చూడండి." పుట్టగానే వేసే క్షయ టీకా చాలామంది పిల్లలకు ఎడమ భుజం మీద చిన్న గుంత లాంటి మచ్చ వదిలిపోతుంది. కార్డు ఎవరిదైనా కావచ్చు, భుజం మాత్రం ఆ బిడ్డదే. ఈ మాటను నేను పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను. గీతలు గీయడంలో నన్ను మించినవాళ్లు లేరు.

నా వంతుకు పీణ్య వచ్చింది. చిక్కపేట స్టేషన్‌లో మెట్రో ఎక్కితే నేరుగా దిగొచ్చు. కొత్తగా కడుతున్న ఒక ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. అందులో ఉండేవాళ్లంతా రాయలసీమ నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్లు. మా తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్నా మా ఇంటి మాట కూడా ఇంచుమించు వాళ్ల మాటే. అందుకే నన్ను అక్కడికి పంపారు.

జూన్ నెల, సన్నగా తుంపర పడుతోంది. వరస చివరి షెడ్డు ముందు ఒక అవ్వ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఆమె మోకాలికి ఆనుకుని చేతుల్లేని గౌను వేసుకున్న నాలుగేళ్ల పిల్ల కూర్చుని ఉంది. లోపల చీరతో కట్టిన ఉయ్యాల కొద్దిగా ఊగుతోంది. షెడ్డు పక్కన ఇసుక కుప్ప మీద నల్ల కుక్క ఒకటి ముందుకాళ్ల మీద తల పెట్టుకుని నా వైపే చూస్తోంది. దాన్ని చూడగానే సగం ప్రాణం పోయింది. త్వరగా ముగించి వెళ్లిపోవాలనుకున్నాను.

"అవ్వా, ఉయ్యాల్లో బిడ్డకు ఏడాది నిండిందా?" అన్నాను.

"నిండినాదమ్మా. పోయినేడు శ్రీరామనవమప్పుడు పుట్టినాది. ఆడపిల్లే."

"సూదులు ఏపించినారా? కార్డు ఉండాదా?"

"ఎందుకుండదు? అన్నీ ఏసినారు." అవ్వ లేచి రేకు సందులో దోపిన ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో కార్డు. పైభాగమంతా వాన నీళ్లకు తడిసి సిరా కరిగి నీలం మరకై పోయింది. పేరు, పుట్టిన తేదీ ఏమీ తెలియడం లేదు. కానీ కింద గళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి. ఒక్కటి ఖాళీ లేదు. నర్సు ఎవరో తేదీ, నెల వేసింది గానీ సంవత్సరం వేయలేదు. అలాంటి కార్డులు అప్పటికే చాలా చూశాను కాబట్టి అది నాకు తప్పనిపించలేదు.

"బిడ్డ భుజం ఒకసారి చూడాల అవ్వా."

"ఇప్పుడే నిద్దరపోయినాది తల్లీ, లేపొద్దు. దిష్టి కూడా." ఆ మాట తప్పని ఎలా అంటాను? మా ఇంట్లోనూ నిద్రపోయే బిడ్డ మీద గుడ్డ తీసి పరాయివాళ్లకు చూపించరు. మా అత్తగారైతే నా బిడ్డల ముఖాలు ఏడాది దాకా ఎవరికీ సరిగా చూపనివ్వలేదు. నేను కూడా తలూపాను. ఇసుక కుప్ప మీద కుక్క లేచి ఒళ్లు విరుచుకుంది.

"తల్లి యాడుండాది?"

"అదో, ఆడ కంకర మోస్తా ఉండాది. పిలిచేదా?" అవ్వ చూపించిన వైపు చూశాను. కేకేస్తే వినబడే దూరంలోనే పచ్చ చీర మీద మగాళ్ల చొక్కా తొడుక్కున్న సన్నటి పిల్ల, నెత్తిన బొచ్చె పెట్టుకుని చెక్క పలక మీద నడుస్తోంది.

"వద్దులే అవ్వా, పని చేసుకోనీ" అన్నాను. పెద్ద దయ చూపించానని ఆ క్షణంలో నా మీద నాకే గౌరవం కలిగింది.

చూరు కింద నిలబడి తేదీలు ఎక్కించడం మొదలుపెట్టాను. పుట్టిన నెల ఏప్రిల్ వేశాను. పుట్టగానే వేసే టీకా తేదీ కార్డులో డిసెంబరు అని ఉంది. టాబ్లెట్ ఎర్రబడింది, ముందుకు పోనని మొరాయించింది. బిడ్డ ఏప్రిల్‌లో పుడితే పుట్టుక టీకా డిసెంబరులో ఎలా వేస్తారని దాని ప్రశ్న. అది సరైన ప్రశ్నే. ఆ యంత్రానికున్న బుద్ధి ఆ పూట నాకు లేకపోయింది.

పల్లెటూరి ముసలమ్మకు తేదీలేం గుర్తుంటాయి, కార్డే నిజం, అవ్వే మరిచిపోయింది అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. పుట్టిన నెలను ఏప్రిల్ నుంచి వెనక్కి జరిపి డిసెంబరు చేశాను. బిడ్డకు నాలుగు నెలల వయసు కలిపాను. ఎరుపు పోయి పచ్చ వచ్చింది. అన్ని గళ్లకూ టిక్ పడింది. భుజం మీద మచ్చ చూశారా అన్న ప్రశ్నకు కూడా అవును అని నొక్కేశాను, కాదంటే ఎందుకు చూడలేదో కారణం రాయమంటుంది కాబట్టి. కుక్కకు దూరంగా చుట్టూ తిరిగి రోడ్డు మీదికొచ్చి పడ్డాను.

రెండు వారాల తర్వాత ఆఫీసులో మీటింగు పెట్టారు. మా సూపర్‌వైజరు నా కొడుకు వయసువాడు, మెత్తటి మనిషి. పీణ్య వైపు లేబర్ షెడ్లలో తట్టు వచ్చిన పిల్లలు కనబడుతున్నారని చెప్పాడు. సర్వేలో ఎక్కడ టీకాలు తక్కువగా తేలాయో ఆ షెడ్లకు ముందుగా నర్సులతో వ్యాన్ పంపుతారట. ఒక్కటే వ్యాన్, అన్నిచోట్లకీ పోవడం కుదరదు.

"మీ క్లస్టర్ సూపర్ అక్కా" అన్నాడు నా వైపు తిరిగి. "అందరూ ఫుల్లీ వ్యాక్సినేటెడ్. అక్కడికి వ్యాన్ అవసరం లేదు, స్కిప్ చేసేస్తున్నాం."

పక్కనున్న ఆమె నా వీపు తట్టింది. నేను నవ్వాను కూడా. ఆ తర్వాత అతను, కొందరు మచ్చను సరిగా గుర్తుపట్టడం లేదని తెర మీద ఒక ఫొటో వేశాడు. పసిబిడ్డ ఎడమ భుజం, దాని మీద చిన్న గుండ్రటి గుంత.

ఆ మచ్చను నేను చూశాను. సరిగ్గా అలాంటిదే, ఆ చివరి షెడ్డు దగ్గరే. కానీ అది ఉయ్యాల్లో బిడ్డ భుజం మీద కాదు. అవ్వ మోకాలికి ఆనుకున్న పిల్ల చేతుల్లేని గౌనులోంచి కనబడుతున్న భుజం మీద చూశాను. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అవ్వ ఒకే ఒక్క కార్డు తీసింది. రెండోది ఏదని నేను అడగలేదు. ఆ కార్డులో డిసెంబరు పెద్దపిల్లది. ఏప్రిల్ చిన్నదానిది. అవ్వ ఏమీ మరిచిపోలేదు.

"తప్పుగా రాసినవాళ్లుంటే ఇప్పుడే చెప్పండి, పర్వాలేదు" అని సూపర్‌వైజరు మామూలుగానే అందరితో అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నా భుజం మీదికే పోయింది. నోరు మాత్రం తెరవలేదు. ఉద్యోగం పోతుందని కాదు, ఆ ఉద్యోగం లేకపోయినా మాకు పూట గడుస్తుంది. అంతమంది ముందు పరువు పోతుందని. ఒక పసిబిడ్డ ప్రాణాన్నీ నా పరువునూ పక్కపక్కన పెడితే ఆ గదిలో నేను పరువు వైపు నిలబడ్డాను. ఇది రాయడానికి నాకిప్పటికీ చెయ్యి రావడం లేదు.

మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. సందులో ఏ బిడ్డ దగ్గినా ఆ రేకుల షెడ్డే కళ్లముందుకు వస్తుంది. ఏమీ కాదులే, అన్ని షెడ్లుండగా ఆ షెడ్డుకే వస్తుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. మరుక్షణమే ఎందుకు రాకూడదు అనిపించేది. మా ఆయన ఈసారి ఎగతాళి చేయలేదు. "ఏమైందో చెప్పు" అన్నాడు. చెప్పాను. "ఇంకా ఇక్కడే ఉన్నావేంటి?" అన్నాడు.

ఆ మాటకు చెప్పులేసుకుని బయటపడ్డాను. మెట్రోలో సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు. బిడ్డ ఉయ్యాల్లో ఆడుకుంటూ ఉండాలి, అంతే చాలు అని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. షెడ్ల వరసలోకి తిరిగాను. చివరి షెడ్డు తలుపుకు వేపరొట్ట కట్టి ఉంది.

వేపరొట్ట అంటే ఏమిటో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కుక్క పక్కనుంచే నడిచి వెళ్లానని, దాన్ని రాసుకుంటూ పోయానని, నాకు చాలా తర్వాత గుర్తొచ్చింది.

"లోపలికి రావొద్దమ్మా" అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మవారు పోసినాది. మైలోళ్లు రాకూడదు."

"స్నానం చేసే వచ్చినా అవ్వా. ఒక్కటి చెప్పు. ఆ పొద్దు చూపించిన కార్డు ఈ బిడ్డదేనా?"

"ఇంటిదమ్మా." నా అమాయకత్వానికి అవ్వే ఆశ్చర్యపోయింది. "కార్డు ఇంటికొకటే గదా, రేషన్ కార్డు మాదిరి. పెద్దదానికి ఏసేటప్పుడే గళ్లన్నీ నిండిపాయ. చిన్నది ఇంటికాడనే పుట్టినాది. ఇంగ దానికి ఏసి రాసేదానికి చోటు యాడుండాది? అందుకే మేము పోలేదు."

గళ్లు నిండిపోయాయి కాబట్టి పని అయిపోయింది. అవ్వ అనుకున్నదీ అదే, నేను అనుకున్నదీ అదే. ఆమెకు చదువు రాదు. నాకు వచ్చు, అంతే తేడా.

లోపల తల్లి బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. ఆ రోజు నెత్తిన బొచ్చెతో కనబడిన పిల్లే. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. నేను గడప బయటే గొంతుక్కూర్చుని, "అమ్మా, ఒక్కసారి బిడ్డ ఎడమ భుజం చూపించు" అన్నాను. ఆమె బిడ్డ చొక్కా జరిపింది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. వాటి మధ్య భుజం మీద ఎక్కడా మచ్చ లేదు. బిడ్డ కళ్లు పుసులు కట్టి ఉన్నాయి. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం లోపలికి లాక్కుపోతోంది. ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు.

"ఆసుపత్రికి పోదాం పదండి, ఇప్పుడే."

"మందులేస్తే అమ్మకు కోపమొస్తాది" అంది అవ్వ. ఆమె గొంతులో ఉన్నది మొండితనం కాదు, భయం. నా గొంతులో ఉన్నదే ఆమె గొంతులోనూ ఉంది.

"వేపాకు తీయొద్దు అవ్వా, అట్లనే ఉండనీ. మొక్కుకో, నేనూ మొక్కుకుంటాను. కానీ బిడ్డకు ఊపిరాడడం లేదు చూడు. ఆ పొద్దు నేను ఉయ్యాల్లో గుడ్డ తీసి చూసుంటే దీనికి సూది పడేది. నేను చూడలేదు. చూసినానని రాసుకుని పోయినాను. తప్పు నాది."

అవ్వకు నా మాట ఎంత అర్థమైందో తెలియదు. తల్లికి అర్థమైంది. కొంగు బిడ్డ చుట్టూ తిప్పి లేచి బయటకు నడిచింది. అవ్వ ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని వెనకాలే వచ్చింది. పెద్దపిల్లను పక్క షెడ్డులో వదిలి ఆటో ఎక్కాం. దారి పొడుగునా నేను ఆ పసిదాని పొట్టనే చూస్తూ కూర్చున్నాను. అది పైకి లేచినప్పుడల్లా నేనూ ఊపిరి తీసుకున్నాను.

సర్కారు ఆసుపత్రిలో నర్సు బిడ్డను చూడగానే పరుగున లోపలికి తీసుకుపోయింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ఇంకో నర్సు కాగితం పట్టుకుని వచ్చి, కన్నడలో, టీకాలు వేయించారా, తాయి కార్డు, అంటే తల్లీబిడ్డల కార్డు, ఉందా అని అడిగింది. అవ్వ వెంటనే కవరు తీసి ఇచ్చింది. నర్సు కార్డు తిప్పి నిండిన గళ్లు చూసింది. "అన్నీ వేశారే" అంటూ కాగితం మీద పెన్ను పెట్టింది.

నేను చేసిందే నా కళ్ల ముందు మళ్లీ జరుగుతోంది.

"రాయొద్దు" అన్నాను. "ఆ కార్డు ఈ బిడ్డది కాదు. దీనికి ఒక్క టీకా కూడా వేయలేదు."

"మీరెవరు?"

"ఆ కార్డు చూసి, అన్నీ వేశారని మొదట రాసినదాన్ని."

వరండాలోకి వచ్చి సూపర్‌వైజరుకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"డేట్ మీరే మార్చారా అక్కా?"

"నేనే మార్చాను."

"ఇంకెన్ని మార్చారు?"

టాబ్లెట్ ఎర్రబడినప్పుడల్లా ఏం చేశానో గుర్తు తెచ్చుకోబోయాను. ఒక్క ముఖమూ గుర్తు రాలేదు, పచ్చరంగు తప్ప. ఆ వరండాలో నిలబడి పడిన భయం అంతకుముందు నేనెన్నడూ ఎరగను.

మర్నాడే వ్యాన్ ఆ షెడ్లకు వెళ్లింది. ఇంటింటా పిల్లల్నందరినీ బయటికి పిలిచి భుజాలు చూశారు. ఇంటికొకటే కార్డు అనుకున్నది ఆ అవ్వ ఒక్కతే కాదని తేలింది. నేను రాసిన ఫారాలన్నీ పక్కన పెట్టి వేరేవాళ్లతో మళ్లీ ఇల్లిల్లూ తిప్పారు. నన్ను సర్వే నుంచి తీసేశారు. అది న్యాయమే. మీటింగులో అందరి ముందూ నా సంగతి చెప్పారట. పోతుందని అంత భయపడిన పరువు పోయాక చూస్తే, అది పోయినట్టు నాకు తెలియనే లేదు. ఆ రోజుల్లో నాకు బిడ్డ ఊపిరి తప్ప ఇంకేదీ పట్టలేదు.

ప్రతి ఉదయం ఆసుపత్రికి వెళ్లేదాన్ని. వార్డు తలుపు దగ్గర ఆగి ముందు మంచం వైపు చూసేదాన్ని. మంచం ఖాళీగా కనబడితే ఏం చేయాలో తెలియక, అడుగు వేసేముందు కళ్లు మూసుకునేదాన్ని. ఒకరోజు అలా కళ్లు తెరిచేసరికి, మూతి మీద పాలచారతో బిడ్డ తల్లి చెవి పట్టుకుని లాగుతోంది. అక్కడే నిలబడి గట్టిగా ఏడ్చేశాను. పక్క మంచం వాళ్లు ఏదో జరిగిపోయిందనుకుని కంగారుపడ్డారు.

బిడ్డ ఇంటికొచ్చాక, ఒళ్లు కాస్త కుదుటపడ్డాక, నర్సులు మిగిలిన టీకాలు వేయడానికి షెడ్లకు వచ్చారు. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలంటే, సూపర్‌వైజరు మొహమాటపడుతూనే నన్ను పిలిచాడు. నాకు టాబ్లెట్ ఇవ్వలేదు, మాట సాయం మాత్రమే. నల్ల కుక్క ఇసుక కుప్ప మీదే ఉంది. దాన్ని చూస్తే మళ్లీ భయమేసింది. తలుపుకు వేపరొట్ట ఎండిపోయి ఇంకా వేలాడుతోంది.

నర్సు చిన్నదాని పేరుతో కొత్త కార్డు తీసింది. గళ్లన్నీ ఖాళీ. "ఇది దీనికేనా? ఏరే కార్డా?" అని అవ్వ రెండుసార్లు అడిగి, దాన్ని కళ్లకద్దుకుంది. సూదులు సిద్ధం చేసుకుంటున్న నర్సు చేతులు ఖాళీగా లేక, పై వివరాలు అడిగి రాయమని కార్డు నా చేతికిచ్చింది. పెన్ను తీశాను. తల్లి బిడ్డ చొక్కా ఎడమ చెయ్యి పైకి మడిచి పట్టుకుని ఉంది.

"పుట్టిన తేదీ చెప్పమ్మా" అన్నాను.

ఆమె తడుముకోలేదు. "పోయినేడు శ్రీరామనవమి మరుసటి దినం, తెల్లారి" అంది. తర్వాత తలెత్తి, కోపం లేకుండానే నా ముఖంలోకి చూసింది. "మా అత్త ఆ పొద్దే చెప్పినాదంట గదమ్మా మీకు."